తబిత అత్త నోట ‘నువ్వు’

తెల్లవారగానే తబిత అత్త చేసే మొదటి పని నిప్పు పంచడం. రాత్రి బూడిద కింద దాచిన కణికల్ని కదిపి, మూత ఉన్న ఇనప బాణలిలోకి తీసి, భుజాల మీద శాలువా కప్పుకుని వీధిలోకి వచ్చేది. మా నాన్‌టకెట్ ద్వీపంలో చెట్లు లేవు. పొయ్యిలోకి పుల్ల కావాలన్నా అవతలి ఒడ్డు నుంచి పడవ రావాలి. యుద్ధం వచ్చాక ఆ పడవలు రావడం మానేశాయి. చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన నల్లమట్టి గడ్డలే మాకు వంటచెరకు. అవి ఒక పట్టాన అంటుకోవు. చెకుముకి రాయి కొట్టే ఓపిక లేని ముసలివాళ్ళు మా వీధిలో కొందరు ఉండేవారు. అత్త వాళ్ళ ఇళ్ళలోకి చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, పొయ్యిలో కణికలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మంట లేచేదాకా ఊదేది. కాసేపు కూర్చోమంటే కూర్చునేది కాదు. “పక్కింట్లో చలి వేస్తూ ఉంటుంది” అని లేచేది.

ఆమె మా నాన్నకు అక్క. తిమింగలాల వేటకు వెళ్ళిన మొగుడు దక్షిణ సముద్రంలో పోయాడు. అప్పటికి కొడుకు ఎలైహు ఇంకా నేల మీద పాకుతున్నాడు. సముద్రం మొగుణ్ణి తీసుకుందని ఆమె సముద్రాన్ని ఒక్క మాట అనగా నేను వినలేదు. గొర్రెల ఉన్ని దువ్వి, వడికి, మేజోళ్ళు అల్లి కొడుకును పెంచింది. ఆ మేజోళ్ళు ఊళ్ళో సగం మంది కాళ్ళకు ఉండేవి. వాటిలో డబ్బిచ్చి కొన్నవాళ్ళు తక్కువే.

మేము మిత్రుల సభ అనే క్రైస్తవ శాఖవాళ్ళం. వారం మొదటి రోజున, అంటే ఆదివారం, సభలో మౌనంగా కూర్చుంటాం, లోపలి వెలుగు ఎవరికి మాట ఇస్తే వాళ్ళు లేచి మాట్లాడతారు. ప్రమాణం చెయ్యం, ఆయుధం పట్టం, దేవుడి ముందు తప్ప ఎవరి ముందూ టోపీ తియ్యం. ఎవరినైనా ‘నువ్వు’ అనే అంటాం. పసిపిల్లను, న్యాయమూర్తిని, గొర్రెలకాపరిని, గవర్నరును, అందరినీ. మనిషిని పొగడడానికి ‘మీరు’ అనడం అబద్ధం ఆడినట్టే అని మా పెద్దలు నేర్పారు. ఒకసారి జరీ కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు బోస్టన్ నుంచి వచ్చి అత్త వాకిట్లో నిలబడి తన హోదా అంతా ఏకరువు పెట్టాడు. అత్త అంతా విని, “సరే, నువ్వు కాళ్ళు తుడుచుకుని లోపలికి రా, చేపల పులుసు వేడిగా ఉంది” అంది. ఆ పెద్దమనిషి ముందు బిత్తరపోయాడు గానీ పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు.

ఈ ఇంగ్లండు గొడవ నా చిన్నప్పుడే మొదలైంది. రాజు యుద్ధనౌకలు నడిసముద్రంలో మా ఓడల్ని ఆపి, “వీడు ఇంగ్లండులో పుట్టాడు, మావాడు” అంటూ నావికుల్ని ఎత్తుకుపోయేవి. ఎక్కడ పుట్టిందీ ముద్ర వేసి రాయించుకున్న కాగితం జేబులో ఉన్నా లాభం లేదు, అలాంటివి ప్రతి రేవులోనూ అమ్ముతారని చించి పారేసేవారు. దానికి బుద్ధి చెప్పాలని వాషింగ్టన్‌లో మన పెద్దలు మన ఓడల్నే రేవు దాటొద్దన్నారు. మా రేవులో తాళ్ళు నాచు పట్టాయి. ఆ తర్వాత ఏకంగా యుద్ధమే ప్రకటించారు. నావికుల కోసమే ఈ యుద్ధం అని చాటారు. నావికులు తప్ప వేరేవాళ్ళు లేని ఊరు మాది. ఎవరూ మా ఊరికి వచ్చి ఒక మాట అడగలేదు.

యుద్ధం మూడో వేసవికి మాకు తిండి కరువైంది. మొక్కజొన్న పిండి అయిపోయింది, గోధుమపిండి ఊసే లేదు. గుల్లలు, చేపలు, బంగాళదుంపలు. ఇసుకమేటకు అవతల రాజు నౌక ఒకటి ఎప్పుడూ కనబడుతూ ఉండేది. పొద్దున లేచి దాని తెరచాపలు ఎటు ఉన్నాయో చూసుకోనిదే ఎవరూ మొహం కడుక్కునేవారు కారు. అయినా కొందరు చిన్న పడవల్లో సముద్రపు పొగమంచు చాటున అవతలి ఒడ్డుకు వెళ్ళి పిండి తెచ్చేవారు. షుబేల్ చాడ్విక్ అలాంటివాడు. మా సభలోనే పుట్టి, బయటిపిల్లను పెళ్ళి చేసుకున్నందుకు సభ వదులుకోవలసి వచ్చినవాడు. నోరు పెద్దది, మనసు మంచిది. ఎలైహు అతని పడవలో వెళ్ళాడు, పిండి కోసం. అప్పటికి ఎలైహు పాతికేళ్ళవాడు, పెళ్ళి కాలేదు, తల్లిలాగే తక్కువ మాటలవాడు.

ఆ మధ్యాహ్నం నేను అత్త వంటింట్లో ఉన్ని దువ్వుతున్నాను. షుబేల్ వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. టోపీ చేతిలో నలిపేస్తున్నాడు.

“తబితక్కా, మీరు కొంచెం కూర్చోండి.”

“నేను కూర్చునే ఉన్నాను షుబేల్. నువ్వే నిలబడ్డావు” అంది అత్త. అతని వెనక ఎవరూ లేరని అప్పటికే చూసింది. “వాడు బతికే ఉన్నాడా?”

“ఉన్నాడు, ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. పిండి పోయింది. నన్నూ, ముసలి తోడు మనిషినీ పడవిచ్చి పంపించేశారు. ఎలైహును ఉంచేసుకున్నారు.”

“ఖైదీగానా?”

షుబేల్ తల అడ్డంగా ఊపాడు. “ఖైదీగా అయితే కొంత నయం, అక్కా. వాడు యార్క్‌షైర్‌లో పుట్టాడట, రాజు మనిషట, పారిపోయి వచ్చాడట. తీసుకెళ్ళి ఫిరంగి దగ్గర పని చేయిస్తారట. పారిపోయినవాడని తేలితే...” మిగతాది చెప్పలేదు. పారిపోయినవాణ్ణి రాజు నౌకల్లో ఏం చేస్తారో పసిపిల్లలకు కూడా తెలుసు.

“యార్క్‌షైర్ ఎక్కడుంది?” అంది అత్త, ఎంతో నెమ్మదిగా. ఆమె చేతిలో అల్లిక సూదులు ఆగలేదు, కానీ కుట్లు జారిపోవడం నాకు కనబడుతూనే ఉంది.

“ఇంగ్లండుకు ఉత్తరాన. అక్కడ పల్లెల్లో జనం కూడా మీలాగే ఒకళ్ళనొకళ్ళు నువ్వు అనుకుంటారట. ఆ నౌకలో సెత్ అని ఒక నావికుడున్నాడు, ఆ సీమవాడు. మమ్మల్ని పైకి ఎక్కించగానే ఎలైహుకు నీళ్ళిచ్చాడు. మనవాడు ఊరుకుంటాడా? ‘నీకు దేవుడు మేలు చేస్తాడు, నువ్వు తాగావా?’ అన్నాడు. ఆ సెత్ సంతోషం చూడాలి. ‘నువ్వు మా ఊరి పక్కవాడివేరా’ అని భుజం మీద చెయ్యి వేశాడు. పక్కనే ఉన్న అధికారి విన్నాడు. అంతే. సెత్ ఏ పాపం ఎరగడు, సొంతూరి మనిషి దొరికాడని అన్నాడు.”

“ఎలైహు చెప్పుకోలేదా?”

“చెప్పాడు. నేనూ పక్కనుంచి మోచేత్తో పొడిచాను. ‘ఒరేయ్, కెప్టెన్‌ దగ్గర ఈ నువ్వు గివ్వు పెట్టుకోకు, మీరు అను, టోపీ తియ్యి, తోలు ఊడగొడతారు’ అని. వాడు అలాగే...” షుబేల్ ఆగిపోయాడు. అత్త అతన్ని చూడడం లేదు. ఆ చివరి మాట ఆమె చెవిన పడిందో లేదో నాకు తెలియలేదు.

“నీ పడవ ఇప్పుడు వెళ్ళడానికి బాగుందా?” అంది.

“ఎక్కడికి?”

“ఆ నౌక దగ్గరికి.”

“అక్కా, మీకు మతి పోయిందా? వాళ్ళు నన్ను వదిలిందే మహాభాగ్యం.”

“నిన్ను వదిలారు కాబట్టే అడుగుతున్నాను. దారి తెలిసినవాడివి.”

షుబేల్ నా వైపు చూశాడు, నేనేదైనా అంటానేమోనని. నేను లేచి శాలువా తెచ్చుకున్నాను. మా సభలో ఆడవాళ్ళు పని మీద ఎక్కడికి వెళ్ళినా ఇద్దరుగా వెళ్తారు.

గాలి అనుకూలంగా లేక మర్నాటి దాకా ఆగవలసి వచ్చింది. ఆ పొద్దున కూడా అత్త నిప్పు పంచింది. నేను వెంట వెళ్ళాను. చూపు పోయిన జుడిత్ ముసలమ్మ పడక మీద నుంచే, “ఇవాళ నీ బాణలి మూత మోగుతోందేమే తబితా, చేతులు వణుకుతున్నాయా?” అంది.

“చలి” అంది అత్త.

“వేసవిలో చలేమిటే. నాకు అంతా తెలిసిందిలే. రేవులో వార్త నాకంటే ముందు పరిగెత్తగలదా. ఇలా రా.” ముసలమ్మ దిండు కింద నుంచి గుడ్డలో చుట్టిన జున్నుముక్క తీసి అత్త చేతిలో పెట్టింది. అది ఎన్నాళ్ళుగా దాచుకుందో. “వాడికివ్వు. నాకు పళ్ళు లేవు, అది నాకు బరువు.”

బయటికి వస్తుంటే మా సభ పెద్ద అబీషయి స్వేన్ ఎదురొచ్చాడు. అతనికి ఎనభై దాటాయి. కర్ర మీద ఆనుకుని అత్త మొహంలోకి చూశాడు.

“యుద్ధనౌక ఎక్కబోతున్నావట.”

“అవును అబీషయీ. అది మనకు తగదని సభ అంటుందా?”

“ఎవరైనా అంటారేమో. నేను అనను. నా కొడుకైతే ఈదుకుంటూ వెళ్ళేవాణ్ణి.” కాస్త ఆగి, “వాళ్ళతో ఏం మాట్లాడతావు?” అన్నాడు.

“తెలీదు. మాట దొరుకుతుందని వెళ్తున్నాను.”

అతను తల ఊపి, అక్కడే వీధిలో కూర్చుని బూట్లు విప్పాడు. ఏమిటా అని మేము చూస్తూ ఉండగానే కాళ్ళకున్న మందపాటి మేజోళ్ళు తీసి ఇచ్చాడు. “నువ్వు అల్లినవే. వాడి కాళ్ళకు సరిపోతాయి. నాకు ఇంట్లో ఇంకో జత ఉంది.” లేదని నాకు తెలుసు. అత్తకూ తెలుసు. తీసుకుంది.

పడవలో షుబేల్ తెల్లగుడ్డ ఒకటి కర్రకు కట్టి నా చేతికిచ్చాడు. రేవు దాటామో లేదో అతని ఉపదేశం మొదలైంది.

“అక్కా, ఒక్క మాట వినండి. మీ సభ గొప్పదే, కాదనను. ఆ సభ నన్ను వెళ్ళగొట్టినా దాని మీద నాకు కోపం లేదు, ఆ బెంచీల మీద కూర్చునే పని తప్పి నడుం నొప్పి తగ్గింది. కానీ అక్కడ కెప్టెన్ అంటే చిన్న దేవుడు. వాణ్ణి వాడి మనుషుల ముందు నువ్వు అన్నారంటే కొడుకు సంగతి అటుంచి, మనల్ని కూడా ఉంచేస్తాడు. ఒక్కసారి మీరు అనండి. తమరు అంటే మరీ మంచిది. దేవుడు ఆ పూటకు అటు తిరిగి చూస్తాడు.”

“దేవుడు అటు తిరుగుతాడని నువ్వు ఎప్పుడు చూశావు?” అంది అత్త. కానీ కోప్పడలేదు.

పొగమంచు పలచబడి నౌక పూర్తిగా కనబడింది. పక్కల్లో బారులు తీరిన ఫిరంగి కంతలు. అన్నీ మా వైపే చూస్తున్నట్టు అనిపించింది. అప్పుడు గమనించాను, అత్త పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. మా ప్రార్థన పెదవులతో చేసేది కాదని గుర్తొచ్చి, దగ్గరికి జరిగి విన్నాను.

“మీరు” అంటోంది. గాలి తగ్గినప్పుడు వినబడుతోంది. “మీరు... అయ్యా, మీరు...”

పుట్టిన దగ్గర నుంచి ఎరగని మాటను పసిపిల్లలాగా కూడబలుక్కుంటోంది. నేను పడవలో నీళ్ళు తోడే డొప్ప పట్టుకుని తల తిప్పుకున్నాను. ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. కొడుకు కోసం ఆమె ఆ మాట అనడానికి సిద్ధపడింది, అది నోట్లో నిలవడం లేదు.

నౌక పక్కకు చేరగానే పైనుంచి కేకలు. షుబేల్ తెల్లగుడ్డ చూపించి గొంతు చించుకున్నాడు. అతన్ని పడవలోనే ఉండమన్నారు. మా ఇద్దర్నీ పలకకు తాళ్ళు కట్టిన ఉయ్యాల లాంటిదానిలో కూర్చోబెట్టి పైకి లాగారు. తాడు అందుకున్నవాడు గోధుమరంగు గడ్డం ఉన్న మనిషి. అత్త కాలు డెక్కు మీద ఆనేదాకా చెయ్యి వదలలేదు. “నిమ్మళంగా అమ్మా, నిమ్మళంగా” అన్నాడు. ఆ యాసను బట్టి సెత్ అతనేనని ఊహించాను.

కెప్టెన్ నేను అనుకున్నంత భయంకరంగా లేడు. జలుబు చేసినట్టుంది, చేతిలో రుమాలు ఉంది. పక్కన కుర్ర అధికారి ఒకడు బిగుసుకుని నిలబడ్డాడు.

“చెప్పండమ్మా. మీరెవరు? ఏం కావాలి?” అన్నాడు కెప్టెన్.

ఆమె చెయ్యి నా మోచేతిని పట్టుకుని ఉంది, గోళ్ళు దిగుతున్నాయి.

“నా పేరు తబిత పాడక్. నువ్వు...” అని ఆగిపోయింది.

“ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా నీకు?” అన్నాడు కుర్ర అధికారి.

అత్త మొహం ఎర్రబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. “మీ...” అంది. గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టు దగ్గింది. “నా కొడుకు ఎలైహును నువ్వు ఉంచుకున్నావు. వాడు మా ఇంట్లో, నా మంచం మీద పుట్టాడు. వాణ్ణి నాకు ఇవ్వు.”

చుట్టూ ఉన్న నావికులు పని ఆపి చూస్తున్నారు. కెప్టెన్ రుమాలుతో ముక్కు తుడుచుకుని, నవ్వినట్టు మొహం పెట్టి, “ఇదిగో, ఇక సందేహం ఎందుకు? తల్లి నోట కూడా అదే యాస. నువ్వు, నీకు, నీది. అమ్మా, మీ కొడుకు యార్క్‌షైర్‌వాడని మా మనిషి చెప్పాడు. ఇప్పుడు మీరూ అక్కడివారేనని నేను చెప్పగలను. మీ ఇంటిల్లిపాదీ ఎప్పుడో ఓడెక్కి వచ్చి ఉంటారు. రాజు ప్రజ ఎక్కడ ఉన్నా రాజు ప్రజే” అన్నాడు.

ఆమె నోరు జారిన మాటే ఆమె కొడుకును ముంచింది. షుబేల్ చెప్పినట్టు ఆ ఒక్క మాట తిప్పగలిగి ఉంటే అనుకున్నాను, దేవుడు నన్ను మన్నించాలి. అత్తకూ అది అర్థమైంది.

“మా సభలో అందరం ఇలాగే మాట్లాడతాం” అంది.

“అది మీరు చెప్పే మాట. కానీ ఒక సంగతి మెచ్చుకోవాలి, మీకంటే మీ కొడుకు మర్యాదస్తుడు. కింది నావికులతో నువ్వు అంటాడు గానీ, నా ముందు టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ‘మీరు, తమరు’ అన్నాడు. యార్క్‌షైర్ కుర్రాళ్ళంతా అలాగే చేస్తారు.”

అత్త నా మోచెయ్యి వదిలేసింది.

“ఎలైహునా? నిన్ను మీరు అన్నాడా?”

“అన్నాడు.”

“టోపీ తీశాడా?”

“తీశాడంటున్నానుగా.”

ఆమె కెప్టెన్ దగ్గరికి ఒక అడుగు వేసింది. కుర్ర అధికారి అడ్డం రాబోయాడు. ఆమె అతన్ని చూడనే లేదు. “వాణ్ణి ఎంత కొట్టావు?” అంది.

“ఏమిటి?”

“ఆ మాట అనేదాకా వాణ్ణి ఎంత కొట్టావు? దాచకు, నేను తల్లిని.”

“అమ్మా, వాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు” అన్నాడు కెప్టెన్. అతని గొంతులో మొదటిసారి తడబాటు వినబడింది.

“కొట్టకుండానే అన్నాడా?” అంది అత్త. తర్వాత, తనలో తాను అనుకున్నట్టు, “అంత భయపడ్డాడన్నమాట నా బిడ్డ” అంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. మొగుడి వార్త వచ్చిన రోజున కూడా ఆమె నలుగురిలో ఏడవలేదని మా నాన్న చెప్పేవాడు.

కెప్టెన్ రుమాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. తర్వాత గోధుమరంగు గడ్డం మనిషి వైపు తిరిగాడు.

“సెత్, నువ్వు నన్ను నువ్వు అన్నావని మీ అమ్మకు తెలిస్తే ఏం చేస్తుంది?”

“చెవి మెలిపెట్టి పీకేస్తుంది, అయ్యా. తమరి కాళ్ళ మీద పడమంటుంది.”

“మీరు అన్నావని తెలిస్తే ఏడుస్తుందా?”

సెత్ అత్తను చూశాడు. తల దించుకున్నాడు. “మా సీమలో అలాంటి తల్లి లేదయ్యా.”

కెప్టెన్ రుమాలు జేబులో పెట్టుకున్నాడు. “ఆ కుర్రాణ్ణి తీసుకురండి” అన్నాడు చివరికి.

ఎలైహు కింది నుంచి మెట్లెక్కి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. తల్లిని చూసి నిలబడిపోయాడు. అతని చెయ్యి మెల్లిగా లేచింది, టోపీ తల మీద పెట్టుకున్నాడు. ఎవరూ తియ్యమనలేదు.

“అమ్మా, నేను...”

“కాళ్ళు చల్లగా ఉంటాయి నీకు. ఇవి తొడుక్కో” అంది అత్త, మేజోళ్ళు అందిస్తూ. “అబీషయి ఇచ్చాడు. ఈ జున్ను జుడిత్ ఇచ్చింది.” ‘మీరు’ అన్న సంగతి ఇంక ఎత్తలేదు. ఎలైహు వాటిని రొమ్ముకు ఆనించుకుని, తల్లి భుజం మీద నుదురు పెట్టాడు. గొర్రెపిల్ల తల్లిని ఆనుకున్నట్టు.

కెప్టెన్ అత్త వైపు తిరిగాడు. “ఇతను ఇంగ్లండువాడు కాదు. నా నావికుల పట్టీలో ఇతని పేరు ఉండదు. కాని అమ్మా, ఇది యుద్ధం. పెద్దవాళ్ళిద్దర్నీ వదిలాను, ఇంత పడుచు నావికుణ్ణి ఊరికే వదలలేను. యుద్ధఖైదీగా ఉత్తరాన ఈ తీరంలోనే ఉన్న మా హాలిఫాక్స్ రేవు జైలుకు పంపిస్తాను.”

“వాణ్ణి ఫిరంగి దగ్గర నిలబెడతావా?”

“ఖైదీ చేత ఎవరూ ఫిరంగి పట్టించరు.”

“తిరిగి వస్తాడా?”

“మీ ద్వీపంవాళ్ళు ఈ యుద్ధంలో ఎవరి పక్షమూ కాదని మాట ఇవ్వబోతున్నారని విన్నాను. ఇస్తే మీ ఖైదీల సంగతి మా పైవాళ్ళు ఆలోచిస్తారు. అది నా చేతిలో లేదు. ఉందని చెప్తే అబద్ధం.”

“అబద్ధం చెప్పనందుకు నీకు మేలు జరగాలి” అంది అత్త.

కాసేపటికి ఎలైహును కిందికి తీసుకెళ్ళారు. మెట్ల మీద టోపీ కనబడినంతసేపు అత్త చూసింది. హాలిఫాక్స్ జైలులో జ్వరాలు ఎక్కువని, అక్కడి నుంచి వచ్చినవాళ్ళు చెప్పగా ఇద్దరం విన్నాం. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు. కింద పడవలోంచి షుబేల్, “ఏమైంది, ఏమైంది” అని అరుస్తున్నాడు.

సెత్ ఉయ్యాల పలకను సరిచేసి, తడిసిన చోట తన చొక్కా చేత్తో తుడిచాడు. నన్ను కూర్చోబెట్టాడు. అత్తకు చెయ్యి అందించి, “అమ్మా, నా నోటి వల్లే ఇదంతా. మా ఊరివాడు దొరికాడనుకున్నానమ్మా. ఇంటి మాట విని ఏళ్ళయింది” అన్నాడు.

“నువ్వు వాడి దాహానికి నీళ్ళిచ్చావు. నాకు తెలిసింది అదే” అంది అత్త. పలక మీద కూర్చోబోయి, ఆగింది. “సెత్, నాకొక సాయం చేస్తావా?”

“అడగండమ్మా.”

“ఈ నౌకలో ఉన్నన్నాళ్ళూ, వీలైతే రోజుకొకసారి, వాడి దగ్గరికి వెళ్ళు. పనేమీ ఉండక్కర్లేదు. కాపలా కాసేవాళ్ళందర్నీ మీరు, తమరు అంటూ వాడి నాలుక తిరిగిపోతుంది, భయానికి. నువ్వు అనడానికి వాడికి ఒక్క మనిషైనా ఉండాలి. వాడు నిన్ను నువ్వు అంటే పలుకు, నాయనా.”